అర్జున పురస్కారం, ఒక బస్సు పాసు



మోకాళ్ల నొప్పుల గురించి మొదలుపెట్టిన వ్యాసానికి కొనసాగింపు రాస్తానని మీకు మాట ఇచ్చాను. అది వచ్చేసారి. ఈలోగా మీతో చెప్పుకోవలసిన సంగతి ఒకటి ఉంది. దాదాపు ఏడాదిగా నా మనసులో నలుగుతోంది. అది ఒక టీవీ కార్యక్రమంతో మొదలయింది.

2025 జనవరి 17, శుక్రవారం. కనుమ వెళ్లి రెండు రోజులయింది. పండగకు వచ్చిన పిల్లలు కర్నూలులో మా ఇంట్లోనే ఉన్నారు. రాష్ట్రపతి భవన్‌లో జాతీయ క్రీడా పురస్కారాల ప్రదానోత్సవం. దూరదర్శన్‌లో చూద్దామని మా మనవడు పట్టుబట్టాడు. వాడికి చదరంగం పిచ్చి. పద్దెనిమిదేళ్లకే ప్రపంచ విజేత అయిన గుకేశ్ ఖేల్‌రత్న అందుకుంటుంటే కళ్లారా చూడాలని వాడి ఆశ. నేను పత్రిక చేతిలో పట్టుకుని, ఒక కన్ను మాత్రమే తెరకు అప్పగించి కూర్చున్నాను.

ఆ ఉత్సవం మీలో చాలామంది చూసే ఉంటారు. పేరు చదువుతారు. ఆ క్రీడాకారుడు ఏం సాధించాడో రెండు వాక్యాల్లో చెబుతారు. అతను ఎర్ర తివాచీ మీద నడిచి వచ్చి, రాష్ట్రపతికి నమస్కరించి, పురస్కారం అందుకుని, ఫొటోకు నిలబడి వెళ్లిపోతాడు. పదేళ్ల చెమటకు అర నిమిషం. అయినా విసుగు పుట్టదు. ఆ అర నిమిషంలో వాళ్ల ముఖాల్లో కనిపించేది విజయగర్వం కాదు. బడిలో మొదటిసారి బహుమతికి పేరు పిలిచినప్పుడు పిల్లల ముఖాల్లో ఉండే బెరుకు.

అర్జున పురస్కారం 1961లో మొదలయింది. విల్లు ఎక్కుపెట్టిన అర్జునుడి కంచు ప్రతిమ, ప్రశంసా పత్రం, ఇప్పుడైతే పదిహేను లక్షల రూపాయలు ఇస్తారు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో వచ్చింది. అన్నిటికన్నా పెద్దదైన ఖేల్‌రత్న 1991-92లో మొదలై, తొలిసారి విశ్వనాథన్ ఆనంద్‌ను వరించింది. మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి ఈ రెండు మెట్లూ (1994లో అర్జున, ఆ వెంటనే ఖేల్‌రత్న) ఎక్కిన తరవాతే 2000లో సిడ్నీలో కంచు పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. సాధారణంగా ధ్యాన్‌చంద్ జన్మదినమైన ఆగస్టు 29న ఇవ్వవలసిన ఈ పురస్కారాలు ఈ మధ్య ఆ తేదీకి నిలవడం లేదు. ఆ సంగతి అలా ఉంచుదాం.

అర్జునుడు ఉన్నాడు, ద్రోణుడు ఉన్నాడు, ఈ జాతీయ పురస్కారాల్లో ఏకలవ్యుడి పేరు మాత్రం లేదేమని నేను చాలాకాలంగా అనుకునేవాణ్ని. ఆ రోజు ఆ ప్రశ్న నా మీదికే తిరిగింది.

ఆనాడు 32 మందికి అర్జున ఇచ్చారు. వారిలో 17 మంది పారా క్రీడాకారులు, అంటే వైకల్యంతో ఆడేవారు. సగం కన్నా ఎక్కువ. విశాఖ అమ్మాయి యర్రాజీ జ్యోతి పేరు అదే జాబితాలో ఉంది. ఆమెది వంద మీటర్ల హర్డిల్స్. తెలుగు పేరు మరొకటి కూడా చదివారు: దీప్తి జీవాంజి. నేను పత్రిక పక్కన పెట్టాను.

దీప్తిది వరంగల్ దగ్గర పర్వతగిరి మండలం కల్లెడ. కూలి చేసుకుని బతికే కుటుంబం. పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. తల చిన్నది, పెదవి, ముక్కు కొంచెం వేరుగా ఉండేవి. బిడ్డ సూర్యగ్రహణ సమయాన పుట్టిందని, ఊరివాళ్లు పిచ్చిదని, కోతి అని వెక్కిరించేవారని, ఎక్కడైనా అనాథాశ్రమంలో వదిలేయమని సలహా చెప్పేవారని ఆమె తల్లి పత్రికలతో చెప్పుకున్నారు. ఆ అమ్మాయి 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కంచు పతకం తెచ్చింది. మేధో వైకల్యం ఉన్న భారతీయ క్రీడాకారుల్లో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి మనిషి ఆమే.

ఆమె నడిచి వచ్చి నమస్కరించింది. నాకు మాత్రం ఆ ఎర్ర తివాచీ మీద ఏడేళ్ల మరొక పిల్ల కనిపించింది. ఆ పిల్లా గ్రహణం నాడే పుట్టింది. ఆ పిల్లా పరిగెత్తేది.

ఆ కథకు వెళ్లేముందు వైద్యుడిగా ఒక మాట చెప్పాలి. దీప్తి వైకల్యానికి కారణమేమిటో టీవీ చూసి చెప్పేవాడు వైద్యుడు కాడు. గ్రహణం మాత్రం కారణం కాదని చెప్పగలను. మన భాషలోనే ఈ చిక్కు ఉంది చూడండి. పై పెదవి చీలి పుట్టిన బిడ్డను మనం ‘గ్రహణం మొర్రి’ అంటాం. జబ్బు పేరులోనే నింద ఉంది. గ్రహణం పూట తల్లి కత్తి పట్టింది, కూరగాయ తరిగింది, బయటికి వచ్చింది అని అత్తవారింట ఆ నింద తల్లి మీద పడుతుంది. నిజానికి బిడ్డ పెదవి గర్భంలో ఏడో వారానికి, అంగిలి పదో వారానికి కలిసిపోవాలి. చాలామంది తల్లులకు తాము గర్భవతులమని నిశ్చయంగా తెలిసేసరికే ఆ పని ముగింపుకు వస్తుంది. ఎనిమిదో నెలలో వచ్చిన గ్రహణం, కలిసిపోయిన పెదవిని ఎలా చీల్చగలదు? కారణాలు వేరు. వంశపారంపర్యం, మన సీమలో నేటికీ ఆగని మేనరికాలు, మొదటి నెలల్లో వాడిన కొన్ని మందులు, పొగాకు, పోషకాహార లోపం. చాలాసార్లు ఇదీ అని చెప్పలేని కలగలుపు. పెదవిని మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలిని ఏడాది అటూ ఇటూగా శస్త్రచికిత్సతో సరిచేస్తారు. అంతవరకు బిడ్డను నిలువుగా ఒళ్లో ఆనించుకుని, పిండిన చనుబాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. పాలు పట్టలేక చిక్కిపోయిన బిడ్డలను నేను ఎక్కువగా చూశాను. మొర్రి ఒక్కటే కారణంగా పోయిన బిడ్డను చూడలేదు.

ఇక ఆ పిల్ల సంగతి.

1980 ఫిబ్రవరి 16, మాఘ బహుళ అమావాస్య, శనివారం. అప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. కర్నూలు జిల్లా పడమటి కొసన, రాయచూరు సరిహద్దుకు దగ్గరలో ఒక చిన్న ఊరి సర్కారు ఆసుపత్రిలో ఉండేవాణ్ని. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణం రాయచూరు మీదుగా వెళ్లింది. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతాన పట్టు, అయిదు గంటల వేళకు విడుపు. మూడున్నర దాటాక ఊరిమీద సంజె చీకటి పడింది. పిట్టలు చెట్లకు చేరాయి. వీధిలో ఒక్క మనిషి లేడు, ఒక్క పొయ్యి వెలగలేదు. గర్భిణులను ఇంటి లోపలి గదిలో కదలకుండా పడుకోబెట్టి, చుక్క నీరు కూడా ఇవ్వలేదు.

రాత్రి ఏడు దాటాక ఎద్దులబండిలో ఒక ఇల్లాలిని తీసుకొచ్చారు. తొలి కాన్పు. ఉమ్మనీరు ఉదయమే పోయింది. మధ్యాహ్నానికి నొప్పులు ముదిరాయి. బండి కట్టబోతే పెద్దామె అడ్డుపడిందట. విడుపు అయ్యాక, స్నానాలు చేసుకుని, దీపం పెట్టి బయలుదేరారు. ఊరు ఆసుపత్రికి నాలుగు మైళ్లు. వాళ్లు వచ్చేసరికి బిడ్డ తల చాలాసేపటి నుంచి కిందనే చిక్కుకుని ఉంది. ఆడపిల్ల. నీలంగా, వడలిన తోటకూర కాడలా నా చేతుల్లోకి వచ్చింది. ఏడవలేదు. నోట్లోని జిగురు తీశాం, తుడిచాం, గాలి అందించాం. మొదటి ఏడుపు వినిపించేసరికి ఆరేడు నిమిషాలు గడిచి ఉంటాయి. ఇప్పుడు వైద్యులు ఆ మొదటి నిమిషాన్ని బంగారు నిమిషం అంటారు. ఊపిరి తీయని బిడ్డకు ఆ అరవై సెకన్లలోపు గాలి అందించడం మొదలుపెట్టాలి. మెదడుకు ప్రాణవాయువు అందని ప్రతి నిమిషానికీ వెల ఉంటుంది. ఆ వెల ఆ పిల్ల కట్టింది.

గ్రహణం ఆ బిడ్డను ఏమీ చేయలేదు. గ్రహణమని చేసిన ఆలస్యం చేసింది. ఊళ్లో మాత్రం అమావాస్య గ్రహణాన పుట్టింది గనక అలా అయిందనే అనుకున్నారు. నేనూ గట్టిగా కాదనలేదు. కాదంటే ఆ పెద్దామె మీద నింద పడుతుందని జంకాను. అప్పుడు నాకు అది సంస్కారం అనిపించింది.

తరవాత బదిలీల మీద కడప జిల్లాకు వెళ్లి, మళ్లీ కర్నూలు వచ్చాను. 1987లో, ఇంకో ఆసుపత్రిలో, ఆ తల్లి పిల్లను వెంటబెట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఏడేళ్లు నిండాయి. మాటలు పది పన్నెండుకు మించి రావు. బడిలో చేర్చుకోలేదు. నేను పరీక్షిస్తుండగానే రెండుసార్లు బల్ల దిగి వరండాలోకి పరుగు తీసింది. మా వార్డుబాయ్ ఆ చివరి దాకా వెళ్లి పట్టుకొచ్చాడు.

“ఇదే సార్ కత. పొద్దున లేస్తే పరిగెత్తాది. చేన్లెంబడి, గట్లెంబడి, యాడికో పోతాది. మా ఆయప్ప గూడా పట్టుకునేకి కాదు సార్. కూలికి పోయేటప్పుడు కాలికి తాడు కట్టి గుంజకు కట్టేసి పోతాండాం” అంది తల్లి.

ఆ పిల్ల చీలమండ చుట్టూ తాడు ఒరుసుకున్న మచ్చ ఉంది. దానికి పూత మందు రాశాను. ఆ పరుగుకు మాత్రలు రాశాను. ఫినోబార్బిటోన్, నిద్రమత్తు కలిగించే మాత్ర. అప్పట్లో చాలామంది వైద్యులు చేసిన పనే. అది కొందరు పిల్లల్లో చిరాకును, చలనాన్ని తగ్గించకపోగా పెంచుతుందని తరవాత చదువుకున్నాను. చదువుకోకపోయినా ఒక ప్రశ్న నాకు తట్టి ఉండవలసింది. ఏడేళ్ల పిల్ల, పూట తిండి పిల్ల, కూలి చేసే తండ్రికి కూడా చిక్కకుండా పరిగెడుతోందంటే, ఆ ఊపిరితిత్తుల్లో, ఆ కాళ్లలో ఏముందో చూడాలని నాకు తోచలేదు. నేను జబ్బును చూశాను. పరుగును జబ్బులో భాగంగా చూశాను.

ఇప్పటి సదరం శిబిరాలు ఆనాడు లేవు. మెడికల్ బోర్డు ముందు కూర్చోబెట్టి బుద్ధిమాంద్యం అని ధ్రువపత్రం ఇప్పించాను. గొప్ప మేలు చేసినట్లు తల్లి చేతిలో పెట్టాను.

“దీంతో ఏమొస్తాది సార్?”

“బస్సులో రాయితీ పాసు వస్తుందమ్మా.”

ఆమె ఆ కాగితాన్ని కాసేపు చూసింది. “యాడికి పోవల్ల సార్, బస్సెక్కి?” అంది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బయట రోగుల వరస పెద్దదిగా ఉంది. తరవాతి వారిని పిలిచాను.

పాఠకులారా, దీప్తి కథలో నన్ను పట్టి కుదిపింది పతకం కాదు, ఒక బస్సు ప్రయాణం. బడిలో ఆమె పరుగును ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తించాడు. తరవాత భారత జట్టు శిక్షకుడు నాగపురి రమేశ్ చూసి, హైదరాబాదుకు పంపమన్నారు. బస్సు చార్జీలకు డబ్బు లేదన్నారట తల్లిదండ్రులు. ఆయన దానికీ ఏర్పాటు చేశారని చదివాను. ఆ అమ్మాయిని పరీక్ష చేయించమని పుల్లెల గోపీచంద్ సలహా ఇచ్చారు. సికింద్రాబాదులోని జాతీయ మేధో వైకల్య సంస్థలో మూడు రోజులు పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చారు. ఆ కాగితంతో ఆమె పారా క్రీడల్లో అడుగుపెట్టింది.

నేనిచ్చినదీ అలాంటి కాగితమే. అదే ముద్ర, అదే మాట. ఒకటి మైదానానికి దారి చూపింది, ఒకటి ఇంటి గుంజకు దారి చూపింది. ద్రోణుడు కనీసం ఏకలవ్యుడి గురి చూసిన తరవాత వేలు అడిగాడు. నేను చూడకుండానే అడిగాను.

ఈ విభాగాన్ని టీ20 అంటారు. క్రికెట్టు కాదు, మనవడు కూడా మొదట అలాగే పొరబడ్డాడు. ప్రజ్ఞాలబ్ధి 75 లేదా అంతకు తక్కువ ఉండాలి, రోజువారీ పనుల్లో స్పష్టమైన లోపం కనిపించాలి, అది ఎదిగే వయసులోనే మొదలై ఉండాలి. ఇవన్నీ కాగితాల మీద రుజువు కావాలి, ఆపైన పోటీల నిర్వాహకులే మళ్లీ పరీక్షిస్తారు. ఇంత కఠినం ఎందుకంటే, 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ మేధో వైకల్య జట్టులో పన్నెండుగురికి గాను పదిమందికి ఏ వైకల్యమూ లేదని తరవాత బయటపడింది. దొంగ ధ్రువపత్రాలు. ఆ తప్పుకు శిక్ష ప్రపంచంలోని అసలైన మేధో వైకల్య క్రీడాకారులందరూ అనుభవించారు. వాళ్లను పారాలింపిక్స్ నుంచే తప్పించారు. 2012 లండన్ దాకా మళ్లీ రానివ్వలేదు. వైద్యుల సంతకాలకు ఎంత బలముందో ఆలోచించండి. మన జిల్లాల్లో పింఛను కోసం లేని శాతాలు రాయించుకునేవాళ్లూ, రాసేవాళ్లూ కూడా ఆలోచించాలి.

మీ ఇంట్లో, మీ వీధిలో ఇటువంటి బిడ్డ ఉంటే ఏం చేయాలని మీరడుగుతారు. మొదట, కారణం వెతికించండి. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి రక్తపు బొట్టు తీసి థైరాయిడ్ పరీక్ష చేయించడం ప్రతి బిడ్డకూ మంచిది. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకు మొదటి రెండు వారాల్లో మాత్ర మొదలుపెడితే బుద్ధి మామూలుగా ఎదుగుతుంది. ఆరు నెలలు ఆగితే ఆ అవకాశం చాలావరకు చేజారుతుంది. మాత్ర ఖరీదు కొద్ది రూపాయలే. వినికిడి, చూపు పరీక్షించండి. చెవుడు ఉన్న పిల్లను మందబుద్ధి అనుకుని ఏళ్ల తరబడి ఇంట్లో ఉంచిన తల్లిదండ్రులను నేనెరుగుదును. కారణం దొరికినా దొరకకపోయినా, బిడ్డను ఆటకు పంపండి. ఆట వల్ల ప్రజ్ఞాలబ్ధి పెరుగుతుందని నేను చెప్పను. నిద్ర బాగుంటుంది, ఊబకాయం రాదు, వరుసలో నిలబడటం, తన వంతు కోసం ఆగడం అబ్బుతాయి. తల్లికి రోజుకు రెండు గంటల ఊపిరి దొరుకుతుంది. ఈ చివరిది వైద్య గ్రంథాల్లో ఉండదు గాని, నా దృష్టిలో ఇదే పెద్ద మందు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు మాత్రం ముందుగా గుండెను, మెడ ఎముకలను డాక్టరుకు చూపించండి. మూర్ఛ ఉన్నవారిని ఒంటరిగా నీళ్లలోకి దింపకండి. మిగతా పిల్లలను అడ్డుకోవలసిన పని లేదు. మన సీమలో అనంతపురంలోని ఆర్‌డీటీ సంస్థ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఆటలు నేర్పుతూ వస్తోంది.

మరుగుతున్న సీమ ఎండలో ఆటలేమిటని నిరాశపడేవారికి ఇంకొక మాట. 2025 నవంబరులో ప్రపంచ కప్పు గెలిచిన భారత మహిళా క్రికెట్ జట్టులో శ్రీచరణిది కడప జిల్లా ఎర్రమల్లె. ఎక్కడి ఎర్రమల్లె, ఎక్కడి ప్రపంచ కప్పు!

ఆ ఉత్సవంలో నన్ను నిలబెట్టిన మనిషి ఇంకొకరున్నారు, మురళీకాంత్ పేట్కర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి కాళ్ల సత్తువ కోల్పోయిన సైనికుడు. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచాడు. భారతదేశానికి అది తొలి పారాలింపిక్ స్వర్ణం. అర్జున పురస్కారం ఆయనకు అందింది ఆనాడే, 2025లో. యాభై మూడేళ్లకు! మా మనవడు లెక్కవేసి, “తాతా, అంత ఆలస్యంగా ఎందుకిచ్చారు?” అని అడిగాడు. తాత నోట మాట రాలేదు. తాతకు ఆలస్యాల గురించి మాట్లాడే అర్హత తక్కువ.

ఆ వారమే, ఆ పడమటి ఊళ్లో నాతో పనిచేసిన ఒక పాత ఉద్యోగికి ఫోను చేశాను. ఆ కుటుంబం చాలా ఏళ్ల కిందటే ఊరు విడిచిందట. మొదట సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోయేవారు, తరవాత బెంగళూరు చేరారు. ఆ పిల్ల సంగతి తనకు తెలియదన్నాడు. ఉంటే ఇప్పుడు ఆమెకు నలభై అయిదేళ్లు. వాళ్లూరి నుంచి బెంగళూరు వెళ్లినవారు ఎవరైనా తగిలితే కనుక్కోమని చెప్పాను. నెలకొకసారి గుర్తుచేస్తున్నాను.

2027 ఆగస్టు 2, సోమవారం, అమావాస్య. ఆ సాయంకాలం మన దేశంలో పాక్షిక సూర్యగ్రహణం ఉంది. పంచాంగాల్లో పట్టు విడుపులు వేస్తారు, టీవీల్లో గర్భిణులకు జాగ్రత్తలు చెబుతారు. సూర్యుణ్ని నేరుగా చూడవద్దన్న జాగ్రత్త ఒక్కటి నిజం, అది అందరికీ వర్తిస్తుంది. గర్భిణికి వేళకు అన్నం పెట్టండి, నీళ్లు ఇవ్వండి. నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా విడుపు కోసం ఆగకుండా 108కి ఫోను చేయండి. గ్రహణం పూట డాక్టరు ఉంటాడా అని సందేహించకండి. 1980లో ఆ మధ్యాహ్నమంతా నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. కాన్పు గదిలో ఒక్క రోగి లేదు. కిటికీ పక్కన కూర్చుని, చీకటి పడటం చూస్తూ ఉన్నాను.